ఉబుంటులో తెలుగు మసకగా కనిపిస్తుంటే
కంప్యూటర్లో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు మసకబారిందనీ, ‘స్త్రీ’ లాంటి అక్షరాల కింద ఒత్తులు ముద్దగా ఉన్నాయనీ అన్నారు కదండీ. కళ్లు లాగేస్తాయి, ఆ బాధ నాకు తెలుసు. ముందు ఫాంట్ మార్చండి. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి అనే ఫాంట్ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కి, పైనున్న జాబితాలో తెలుగు ఎంచుకుని, దానికి ఈ ఫాంట్ పెట్టండి. చాలామంది లాటిన్‌కే (అంటే ఇంగ్లీషు అక్షరాలకే) మార్చి ఊరుకుంటారు, అందుకే తేడా కనిపించదు. అక్కడే కనీస సైజు 16 చేయండి, ఒత్తులు విడివిడిగా తేలతాయి.

మసక పోవడానికి, డెస్క్‌టాప్ అమరికలు మార్చే గ్నోమ్ ట్వీక్స్‌లో హింటింగ్ (అక్షరాల గీతల్ని తెర చుక్కలకు సర్దేది) ‘స్లైట్’, యాంటీఅలియాసింగ్ (అక్షరాల అంచుల్ని నునుపు చేసేది) ‘సబ్‌పిక్సెల్’ పెట్టి చూడండి. మానిటర్ నిలువుగా తిప్పి వాడుతుంటే మాత్రం ‘స్టాండర్డ్’ ఉంచండి, లేకపోతే అక్షరాల అంచుల్లో రంగులు కనిపిస్తాయి.