సన్నపాళీ సందేహాలు

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడు సన్నపాళీ ఇంకు పెన్నుల గురించే ఉన్నందువల్ల, శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము.

ప్రశ్న: నేను తెలుగు పండితురాలిగా పదవీ విరమణ చేశాను. రోజూ డైరీ రాసుకోవడానికి మా అబ్బాయి జపాన్ కంపెనీ వారి ఎక్స్‌ట్రా ఫైన్ (అతి సన్నని) పాళీ పెన్ను కొనిచ్చాడు. రాస్తుంటే కాగితాన్ని గీరుతున్నట్లుంది. అక్షరాలు కూడా వెలిసిపోయినట్లు కనిపిస్తున్నాయి. ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు రుద్దితే పాళీ నునుపవుతుందని పక్కింటివారు అంటున్నారు. రుద్దవచ్చునా?
ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: దయచేసి రుద్దకండి. పాళీ కొసన కంటికి ఆనీ ఆనని లోహపు గింజ ఒకటి ఉంటుంది. ఆస్మియం, రుథీనియం వంటి గట్టి లోహాల మిశ్రమంతో చేసిన ఆ గింజను పాళీకి అతికించి, నడిమికి చీల్చి, గుండ్రంగా సానబెడతారు. ఎక్స్‌ట్రా ఫైన్ పాళీలో అది ఎంత చిన్నదంటే, ఉప్పుకాగితం మీద కాస్త రుద్దినా చదునైపోయి గీత లావవుతుంది, మీ అబ్బాయి ఏరికోరి తెచ్చిన సన్నదనమే పోతుంది.

గీరుడు ఎక్కడి నుంచి వస్తున్నదో ముందుగా తేల్చుకోవాలి. నున్నని కాగితం మీద పెన్నును ఏమాత్రం నొక్కకుండా ఎడమ నుంచి కుడికి ఒక గీత, కుడి నుంచి ఎడమకు మరొక గీత గీయండి. ఒక దిక్కున మెత్తగా సాగి, రెండో దిక్కున మాత్రమే గీరుకుంటే పాళీ రెండు రేకులలో ఒకటి పైకో కిందికో జరిగిందని అర్థం. బంగారం పనివారు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దంతో పాళీని ఎదురుగా చూస్తే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైకి లేచిన రేకును గోటితో సుతారంగా కిందికి అదిమి, మళ్లీ చూసుకుంటూ సరిచేయవచ్చు. అన్ని దిక్కులా ఒకేలా గీరుకుంటే మాత్రం దోషం చాలావరకు పాళీది కాదు, చేతి బరువుదీ కాగితానిదీ.

బాల్‌పెన్నులో సిరా చిక్కగా ఉంటుంది కనుక నొక్కి రాయడం మనకు అలవాటైపోయింది. ఇంకు పెన్నులో సిరా పాళీ చీలికలోంచి తనంత తానే కాగితానికి దిగుతుంది. అదే బలంతో నొక్కినా సన్నపాళీ కాగితాన్ని తాకే చోటు అతి చిన్నది కనుక ఒత్తిడంతా అక్కడే పడి, కొస కాగితపు పీచులోకి దిగబడుతుంది. పెన్ను బరువు తప్ప వేరే బరువు అక్కరలేదు. వేళ్లను వదులు చేసి, పెన్నును కాస్త వాల్చి పట్టుకుని ఒక పేజీ నిదానంగా రాసి చూడండి.

ఇక వెలిసినట్లు కనిపించడానికి కారణం సిరా. సన్నగీతలో పడే సిరా తక్కువ కనుక రాయల్ బ్లూ వంటి లేత రంగులు మరింత పలచగా కనిపిస్తాయి. నలుపు గాని బ్లూ బ్లాక్ గాని పోసుకుంటే అక్షరం నిలబడుతుంది.

ఈ శ్రమంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. తెలుగు రాసేవారికి సన్నపాళీ చేసే మేలు మరే పాళీ చేయదని నా గట్టి నమ్మకం. మీరు పిల్లల చేత దిద్దించిన 'థ' అక్షరాన్నే తీసుకోండి. గుండ్రటి కడుపులో ఒక చుక్క, కింద ఒక చిన్న ఒత్తు గీత ఉంటాయి. లావు పాళీతో చిన్నగా రాస్తే కడుపు పూడిపోయి 'థ' ఏదో 'ధ' ఏదో తెలియదు. 'రాష్ట్రం', 'లక్ష్మి' వంటి మాటలలో ఒకదాని కింద ఒకటి వచ్చే వత్తులు ఇరుకు గీతల నోటుపుస్తకంలో కింది వరుస తలకట్లను ఢీకొంటాయి. జపాన్ వారు కూడా చిన్న చోటులో ఎన్నో గీతలు ఇమిడే అక్షరాలు రాస్తారు కనుకనే వారి ఎక్స్‌ట్రా ఫైన్ అంత సన్నగా ఉంటుంది. జర్మనీ పెన్నుల ఎక్స్‌ట్రా ఫైన్ సాధారణంగా జపాన్ వారి ఫైన్‌కు దగ్గరగానో, అంతకంటే లావుగానో వస్తుంది.

కాగితం కొనేటప్పుడు మందం ఒక్కటే చూడకండి. పీచు లేవని నున్నని బాండ్ పేపరు మీ పెన్నుకు సరిపోతుంది. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కనుక వానాకాలంలో విడి కాగితాలను మూత ఉన్న డబ్బాలో దాచుకోవడం మంచిది. చేతి చెమట, నూనె అంటిన చోట గీత తెగుతుంది. రాసేటప్పుడు అరచేతి కింద ఒక కాగితపు ముక్క ఉంచుకోండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. ఆదివారాలు ఫిషింగ్ హార్బర్‌లోనూ, ఎర్రమట్టి దిబ్బల దగ్గరా సన్నపాళీతో స్కెచ్‌లు వేస్తున్నాను. పైన నీటిరంగు వేయగానే సిరా కరిగి అలుక్కుపోతోంది. ఇండియన్ ఇంక్ పోయవచ్చునా?
ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: పోయవద్దు. ఇండియన్ ఇంకులో సాధారణంగా లక్క కలుస్తుంది. అది పాళీ కింద ఉన్న సన్నని కాలువలలో గట్టిపడితే పెన్ను మళ్లీ పనికి రావడం కష్టం. ఇంకు పెన్నుల కోసమే తయారుచేసిన పిగ్మెంట్ సిరాలు, అంటే నీటిలో కరగని సన్నని రంగు పొడి కలిపిన సిరాలు ఉన్నాయి. ప్లాటినం వారి కార్బన్ బ్లాక్, సెయిలర్ వారి కివాగురో అటువంటివి. ఆరిన తరువాత తడికి చెదరవు. అయితే అవి పెన్నులో ఎండితే వదిలించడం కష్టం కనుక పెన్నును వారాల తరబడి వాడకుండా ఉంచకూడదు. అప్పుడప్పుడు చన్నీటితో, నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. ఇందుకు ఒక చవక పెన్నును విడిగా పెట్టుకోండి, రాసే పెన్నులో ఈ సిరా పోయకండి. ప్లాటినం ప్రెపీలో 02 అని గుర్తున్న పాళీ ఈ పనికి బాగుంటుంది. మూత బిగువుగా ఉండడం వల్ల సిరా త్వరగా ఎండదు.

కరిగే సిరాను కూడా పారేయనక్కరలేదు. పడవకు నీడపక్కన దగ్గర దగ్గరగా గీతలు వేసి, వాటి మీదుగా తడి కుంచెను ఒక్కసారి లాగితే ఆ సిరాయే నీడ రంగవుతుంది.

సన్నపాళీ గీత ఎక్కడైనా దాదాపు ఒకే మందంలో ఉంటుంది. దూరాన్నీ దగ్గరనూ చూపడానికి గీతను లావు చేయలేరు, గీతల మధ్య ఎడాన్ని మార్చాలి. హార్బర్ నుంచి చూస్తే అవతల కనిపించే డాల్ఫిన్స్ నోస్ కొండను మధ్య మధ్య తెగిన తేలిక గీతలతో వదిలేయండి. ముందున్న మరపడవ కొయ్యలనూ, తాళ్లనూ, గుట్టగా పడేసిన వలలనూ అడ్డుగీతల మీద అడ్డుగీతలు వేసి చిక్కబరచండి. కొండ తనంత తానే వెనక్కు జరుగుతుంది. ఎర్రమట్టి దిబ్బలకైతే హద్దుగీత అసలు వేయకుండా, వాననీరు కోసిన గాడులు ఏ వాలున దిగుతున్నాయో ఆ వాలునే పొట్టి గీతలు వేసుకుంటూ వెళ్లండి, అంచులు వాటంతట అవే తేలుతాయి. గరుకైన నీటిరంగు కాగితం పీచు పాళీ చీలికలో ఇరుక్కుంటుంది కనుక నున్నగా ఉండే హాట్‌ప్రెస్ కాగితం వాడండి. పెన్నును ఇసుక మీద పెట్టవద్దు.

ప్రశ్న: మా తాతగారి రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను నా దగ్గర ఉంది. దానికి ఎక్స్‌ట్రా ఫైన్ పాళీ వేయించవచ్చునా? ఎండాకాలంలో జేబులో సిరా కక్కుతోంది, దీనికి ఉపాయం ఏమిటి?
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వేయించవచ్చు. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో స్వదేశీ పెన్నుల తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడ చేత్తో పెన్నులు చేసే పని నిలిచి ఉంది. అక్కడికే తీసుకువెళ్లి, అదే కొలత గల సన్నపాళీని బిగించమని అడగండి. ఇటువంటి పెన్నులలో సిరా ధారాళంగా దిగుతుంది కనుక గీత మీరు ఊహించినంత సన్నగా రాకపోవచ్చు. కాస్త తక్కువగా పారే సిరా వాడితే కొంత మేలు.

కక్కడానికి కారణం లోపలి గాలి. డ్రాపరుతో సిరా పోసుకునే పెన్ను సగం ఖాళీ అయ్యాక, ఒంటి వేడికీ ఎండకూ లోపలి గాలి వ్యాకోచించి సిరాను బయటకు తోస్తుంది. బయటకు వెళ్లే ముందు గొట్టం నిండుగా సిరా పోయండి, మరలకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి. ఎండలోంచి వచ్చిన వెంటనే రాయవలసి వస్తే, మూత తీసేటప్పుడు కూడా పాళీని పైకే పట్టి, ఒక గుడ్డతో తుడిచి మొదలుపెట్టండి.