కంటి లెక్కకి, త్రాసు లెక్కకి తేడా ఎంతంటే

మీ అమ్మగారి గర్భసంచి ఆపరేషన్‌లో 300 ఎం.ఎల్. రక్తమే పోయిందన్నారు, మర్నాటికి హిమోగ్లోబిన్ 11 నుంచి 8కి ఎందుకు పడిపోయింది అని అడిగారు. ముందు ఆ 300 ఎవరు కొలిచారో కనుక్కోండి. నాకు తెలిసి ఎవరూ కొలిచి ఉండరు. విశాఖలో ఇరవై ఆరేళ్లు ఓటీ నర్సుగా చేశాను. కుట్లు వేస్తూ సర్జన్ గారు "ఎంత రాద్దాం సిస్టర్?" అంటారు. మనం నోరు తెరిచేలోపు ఆయనే "మూడొందలు రాసేయండి" అంటారు. ఆ అంకె పుట్టుక అదీ.

ఒక కేసు చెప్తాను. గర్భసంచిలో పెద్ద ఫైబ్రాయిడ్లు (గడ్డలు), పేషెంటు బరువు 50 కేజీలు. సర్జన్ గారు నాలుగొందలన్నారు. పల్స్ చూస్తే 120 దాటింది, రక్తం బాగా పోతే అలా పరిగెడుతుంది. మత్తు డాక్టర్ కొత్తగా చేరిన కుర్రాడు. పెద్దాయనకి ఎదురు చెప్పలేక నా వైపు చూశాడు.

అంతకుముందు నెలే నేను పూర్ణా మార్కెట్‌లో నా డబ్బుతో చిన్న డిజిటల్ త్రాసు కొన్నాను. ఆసుపత్రివాళ్లని అడిగీ అడిగీ విసుగొచ్చింది. రిసెప్షన్‌లో చేపల తొట్టికి మాత్రం డబ్బులుంటాయి వాళ్ల దగ్గర! త్రాసు మీద కవరు పరిచి, ఆపరేషన్‌లో రక్తం అద్దే మాపులు, అంటే మందపాటి గుడ్డలు, తడిసినవన్నీ పెట్టాను. పది మాపులు, 910 గ్రాములు. పొడి మాపు ఒక్కోటి 25 గ్రాములు, ఆ 250 తీసేస్తే 660. ఒక గ్రాము రక్తమంటే దాదాపు ఒక ఎం.ఎల్. రక్తం, నీళ్లు పీల్చి పట్టే సక్షన్ జార్‌లో 800 ఉంది, కడగడానికి పోసిన సెలైన్ 500 పోను 300. మొత్తం 960. పరిచిన గుడ్డల్లో ఇంకింది, కిందకి కారింది ఇందులో లేదు.

"మాపుల్లో సెలైన్ కూడా ఉంటుంది కదా సిస్టర్?" అన్నారు సర్జన్ గారు. "పొడివే ఇచ్చాను సార్" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. ఆ బరువున్న ఆడమనిషి ఒంట్లో ఉండే రక్తమే సుమారు మూడుంబావు లీటర్లు. అందులో పావు వంతు పైనే పోయింది. కన్ను అలాగే మోసం చేస్తుంది, కొంచెం పోతే ఎక్కువనిపిస్తుంది, ఎక్కువ పోతే తక్కువనిపిస్తుంది.

రక్తం కావాలని బయటికి కబురు పంపితే అదో తంతు. రోజూ ఆర్కే బీచ్‌లో నడిచే మరుదులిద్దరికీ ఉన్నట్టుండి నీరసం వచ్చేసింది. తీసేది 350 ఎం.ఎల్. సంచి, అంతే కదా! చివరికి ఇచ్చింది ఆవిడ చెల్లెలు.

ఇక మీ ప్రశ్న. రక్తం పోయిన వెంటనే హిమోగ్లోబిన్ పెద్దగా తగ్గదు, ఎందుకంటే కణాలూ నీరూ కలిసే పోతాయి. తర్వాత సెలైన్లు ఎక్కి, ఒళ్లు కూడా నీటిని రక్తంలోకి లాక్కుని పలచబడ్డాక అంకె పడుతుంది. కాబట్టి ఆ మూడు పాయింట్లలో కొంత సెలైన్ల వల్లే. అయినా మూడొందలకే అంత పడిందంటే నేను ఒప్పుకోను. లోపల ఇంకా కారుతోందేమో చూశారా అని డాక్టర్ని అడగండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, గుండె దడగా ఉన్నా రేపటిదాకా ఆగొద్దు.

రిటైరైనప్పుడు ఆ త్రాసు అక్కడే వదిలి వచ్చాను. మొన్న జూనియర్ అమ్మాయి ఫోన్ చేస్తే అడిగాను. బ్యాటరీ అయిపోయిందట, ఎవరూ మార్చలేదట.