పెంకుటింట్లో చినుకులు

విజయనగరం

తల్లీ,

పాలకొండ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఊపుంది. కానీ మొదటి వాక్యంలోనే ‘చంద్రా టెలిస్కోప్ దూరపు గెలాక్సీలో బ్లాక్‌హోల్‌ని ఫొటో తీసింది’ అనేశావు. ఆ ఫొటో వెనక ఉన్నది లెక్క. నువ్వు రాయాల్సింది ఆ లెక్క గురించి.

మా పాత పెంకుటిల్లు వానాకాలంలో కారేది. గచ్చు మీద అక్కడొకటి ఇక్కడొకటి తడి మరకలు పడితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒకేచోట మళ్లీ మళ్లీ పడితేనే మా అమ్మ గిన్నె పెట్టేది. తెల్లారాక ఆ పైన పెంకు మార్పించేవారు. అంతరిక్షం నుంచి ఎక్స్‌రేలు పట్టే ఈ చంద్రాతో ఆకాశాన్ని చూసే శాస్త్రవేత్తల పనీ ఇంచుమించు అదే. దూరపు గెలాక్సీలో ఒక మసక చుక్క నుంచి గంటల తరబడి చూసినా పదో పదిహేనో ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, రావచ్చు. ఒక్కోటీ ఎప్పుడు, ఎక్కడ, ఎంత శక్తితో పడిందో డిటెక్టర్ రాసుకుంటుంది. చెదురుమదురుగా ఎలాగూ కొన్ని పడతాయి. ఆ లెక్కకి మించి ఒకేచోట పడితే అప్పుడు అనుమానించాలి.

ఎక్స్‌రేలు మన గాలిని దాటి కిందికి రావు, అందుకే 1999లో చంద్రాను పైకి పంపారు. అద్దానికి ఎదురుగా తగిలితే అందులోకే దూరిపోతాయి. చెరువు మీద పెంకు ఏటవాలుగా విసిరితే గెంతుతుంది చూడు, అలా డిగ్రీకన్నా తక్కువ కోణంలో ఒరుసుకుంటూ పోతేనే మళ్లుతాయి. కొత్తలో నేను ‘ఎక్స్‌రే లెన్సు’ అని రాసి, ఒక లెక్కల మాస్టారి పోస్టుకార్డుతో మొట్టికాయ తిన్నాను.

చోటు తేల్చడం ఇంకో తిప్పలు. టెలిస్కోప్ చూపే దిక్కులోనే పిసరంత తేడా ఉంటుంది. సర్వేయరు ముందు హద్దురాయి వెతుక్కున్నట్టు, అదే చిత్రంలో పడ్డ, ముందే చోటు తెలిసిన నక్షత్రాలతో పోల్చి పటాన్ని జరుపుతారు. నీ వ్యాసంలో ఈ ఊసే లేదు.

ఎం82 కథ రాయి. మనకి సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందా గెలాక్సీ. అందులో పక్కపక్కనే రెండు ఎక్స్‌రే చుక్కలు మహా జోరుగా వెలుగుతుంటాయి. అటునుంచి 1.37 సెకన్లకోసారి నాడిలా వెలుగు కొట్టుకుంటోందని నూస్టార్ అనే ఇంకో ఎక్స్‌రే ఉపగ్రహం పట్టింది. దాని చూపుకి మాత్రం ఆ రెండూ కలిసి ఒకే మసక. ఏది కొట్టుకుంటోందో తేలడానికి చంద్రా చూపు తోడు కావలసి వచ్చింది. అలా కొట్టుకుంటున్నది, అప్పటిదాకా బ్లాక్‌హోల్ అనుకున్నది, నిజానికి న్యూట్రాన్ నక్షత్రమని, అంటే పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే చిక్కటి ముద్ద అని, 2014లో ప్రకటించారు. వ్యాసం అక్కణ్ణించే మొదలుపెట్టకూడదూ?

‘కాంతిపుంజాల మహాసాగరం’ అన్నచోట గీత కొట్టాను, కోప్పడకు. సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తావుగా, తిరగరాసిన కాగితాలు పట్టుకురా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు