టేబుల్ లేకుండా ఇన్వర్స్ లాప్లాస్

నల్లగొండ

బిడ్డా,

పరీక్షలో ఇన్వర్స్ లాప్లాస్‌కు, అంటే ఎస్‌లో ఉన్న ఎఫ్(ఎస్) నుంచి టీలో ఉన్న అసలు ఫంక్షన్‌ను రాబట్టడానికి, ఫార్ములాల టేబుల్ ఇవ్వరని నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ ఫార్ములాలన్నీ బట్టీ పట్టకు. హారాన్ని సరిగ్గా చూడటం వస్తే సగం జవాబు వచ్చినట్టే.

హారాన్ని సున్నా చేసే ఎస్ విలువలే పోల్స్. మైనస్ 2 దగ్గర పోల్ ఉంటే జవాబులో 'ఈ పవర్ −2టీ' వస్తుంది. దాని ముందు ఎంత ఉండాలన్నదే మనం తేల్చాలి.

(ఎస్+3)/[(ఎస్+1)(ఎస్+2)] తీసుకో. (ఎస్+1)ను వేలితో మూసి, మిగిలినదాంట్లో ఎస్ బదులు −1 వెయ్యి: 2 వస్తుంది. (ఎస్+2)ను మూసి −2 వేస్తే −1. కాబట్టి జవాబు 2 ఈ పవర్ −టీ, మైనస్ ఈ పవర్ −2టీ. ఇది హెవిసైడ్ పద్ధతి. పదహారేళ్లకే బడి మానేసి, టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసిన మనిషి ఆయన!

మార్కులు పోయేది పోల్ రెండుసార్లు వచ్చినప్పుడే, అక్కడ తొందరపడకు. 1/[ఎస్²(ఎస్+1)]లో −1 దగ్గర మామూలుగానే మూసెయ్యి, 'ఈ పవర్ −టీ' వస్తుంది. సున్నా దగ్గర అలా కుదరదు. ముందు మొత్తాన్ని 'ఈ పవర్ ఎస్‌టీ'తో గుణించి ఎస్²ను తీసెయ్యి. మిగిలినదాన్ని ఎస్ పరంగా ఒకసారి అవకలనం చేసి, ఆ తర్వాతే ఎస్ బదులు సున్నా వెయ్యి. టీ−1 వస్తుంది. రెండూ కలిపితే టీ−1+ఈ పవర్ −టీ. ఇలా ఒక్కో పోల్ దగ్గర వచ్చేదాన్ని రెసిడ్యూ అంటారు. ఈ రెసిడ్యూలన్నీ కూడితే జవాబు ఎందుకొస్తుందో, ఇన్వర్స్ లాప్లాస్‌ను నేరుగా ఇచ్చే బ్రామ్‌విచ్ సమాకలనం చెబుతుంది. మూసే పద్ధతి కూడా దాన్నుంచి వచ్చేదే.

ఎస్²+4ఎస్+13 లాంటిది కనిపిస్తే (ఎస్+2)²+9గా రాసుకో. జవాబులో సైన్ 3టీ, కొసైన్ 3టీ వస్తాయి, వాటి ముందు ఈ పవర్ −2టీ ఉంటుంది.

లవం ఘాతం హారం కన్నా తక్కువ ఉందో లేదో మొదటే చూసుకో, లేకపోతే ముందు భాగించు. చివర్లో టీ బదులు సున్నా వేసి చూడు. ఎస్‌ను అనంతానికి పంపినప్పుడు ఎస్ ఇంటూ ఎఫ్(ఎస్)కు వచ్చే విలువా అదే కావాలి. పై మొదటి లెక్కలో రెండూ 1. ఈ సరిచూత నిమిషం పని, ఎన్నడూ వదలకు.

బతుకమ్మ సెలవులకు పాలమూరు నుంచి వచ్చినప్పుడు కన్వల్యూషన్ చూద్దాం. ఈలోగా ఎస్/(ఎస్+1)² చేసి వాట్సాప్‌లో పెట్టు. (1−టీ) ఇంటూ ఈ పవర్ −టీ రావాలి.

మీ పెద్దనాన్న