పొట్ట సంగతి, నెలసరి సంగతి కలిపి చెప్పు

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నెలసరి రోజుల్లో విరేచనానికి వెళ్తే నొప్పి, రక్తం అని, పేగులోకి గొట్టం వేసి చూసే కొలనోస్కోపీలో ఏమీ లేదన్నారని, ఐబీఎస్ (పేగు పనితీరు గాడి తప్పే బాధ) అని మాత్రలు రాసి పంపారని నీ ఉత్తరంలో చదివాను. నాకు ఎండోమెట్రియోసిస్ అని అనుమానం, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిదే గర్భసంచి బయట పెరిగే జబ్బు. లేదని తేలింది పేగు లోపలి పొరలోనే. ఆ జబ్బు పేగును బయటి వైపు నుంచి పట్టుకుంటుంది, లోపలి పొర దాకా రావడం తక్కువ. అందుకే గొట్టం వేసి చూసినా చాలామందికి కనపడదు. అలాగని ఆ పరీక్ష దండగ కాదు. రక్తం పడుతోందన్నావు కనుక వేరే జబ్బు లేదని తేల్చుకోవలసిందే.

నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఒకటే చూశాను. మన ఆడపిల్లలు పేగు బాధ గ్యాస్ట్రో డాక్టరుకు, నెలసరి నొప్పి గైనకాలజిస్టుకు చెబుతారు. మలద్వారం మాట ఎత్తడానికి సిగ్గుపడి సగం మింగేస్తారు. ఇద్దరికీ చెరిసగం తెలిస్తే జబ్బు ఎవరికి దొరుకుతుంది? గోడ మీది క్యాలెండర్‌లోనే రాయడం మొదలుపెట్టు. నెలసరి రోజులకు ఎర్ర చుక్క. పక్కన, "రెండో రోజు. విరేచనానికి కూర్చుంటే లోపల కత్తి దిగినట్టు. రక్తం కొంచెం. ఆఫీసు మానేశాను" అని ఉన్నదున్నట్టు రాయి. "కడుపులో బాగోలేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. రెండు మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెడితే వరస దానంతటదే కనిపిస్తుంది. అదే ఇద్దరు డాక్టర్లకూ చూపించు.

మామూలు పొట్ట స్కానింగ్ బాగుందంటే జబ్బు లేదని కాదు. ఈ జబ్బును వెతకడంలో చేయి తిరిగినవారు యోని ద్వారా చేసే స్కానింగ్‌లో పేగు మీది గడ్డను పట్టుకోగలరు. పెళ్లికాని పిల్లవు, అది వద్దనుకుంటే పెల్విస్ (పొత్తికడుపు) ఎంఆర్‌ఐ అడుగు. చీటీ మీద పేగు ఎండోమెట్రియోసిస్ అనుమానమని రాయించు. ఏం వెతకాలో తెలిస్తేనే చూసేవారి కన్ను అక్కడ ఆగుతుంది. సీఏ-125 రక్తపరీక్షతో ఈ జబ్బును తేల్చరు, దానికి డబ్బు పెట్టకు.

లాపరోస్కోపీ, అంటే పొట్టకు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో లోపల చూడడం, చేస్తే తప్ప తేలదని మా రోజుల్లో అనేవారు. ఎష్రే అనే ఐరోపా వైద్య సంఘం 2022లో ఆ మాట మార్చింది. స్కానింగ్‌లో స్పష్టంగా కనిపిస్తే పేరు పెట్టడం కోసమే కోయనక్కరలేదు. స్కానింగ్‌లో ఏమీ లేకపోయినా, హార్మోను మాత్రలకు నొప్పి లొంగకపోయినా అప్పుడు ఆలోచిస్తారు. ఆపరేషన్ దాకా వస్తే మాత్రం పేగు సర్జన్ కూడా మొదటి నుంచీ ఉంటారా అని ముందే అడుగు. కడుపు తెరిచాక పిలిపించుకోవడం నాకు నచ్చదు.

పెళ్లయి బిడ్డ పుడితే అదే పోతుందని మీ నాన్నమ్మగారు అంటే వాదించకు, ఫోను నాకివ్వు.

ఎంఆర్‌ఐ రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకో. రేపు వేరే డాక్టరును కలిస్తే వారు బొమ్మలే చూస్తామంటారు. అపాయింట్‌మెంట్ ఏ రోజో చెప్పు, తోడు వస్తాను.

మీ పెద్దమ్మ