కుట్టు కబుర్లు: తలకిందుల నెమళ్ళు

ప్రశ్న: మేడమ్, పెడన కలంకారీ గుడ్డతో ల్యాప్‌టాప్ స్లీవ్‌లు కుడుతున్నాను. ముందువైపు బాగానే ఉంటోంది గానీ, వెనక్కి తిప్పితే నెమళ్ళు తలకిందులుగా ఉంటున్నాయి. ఫోమ్ పెడితే మెషిన్ కదలదు, జిప్ దగ్గర సూదులు విరుగుతున్నాయి. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌కి గుడ్డ ఎంత కత్తిరించాలి?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఒకే ముక్క తీసుకుని అడుగున మడత వచ్చేలా కుడుతున్నట్టున్నారు, అందుకే ఆ శీర్షాసనం. లతలకీ బుటాలకీ ఆ పద్ధతి హాయి. తలా తోకా ఉన్న బొమ్మలకి మాత్రం రెండు ముక్కలు విడిగా కత్తిరించి, అడుగున కుట్టు వేయాల్సిందే. గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది. మిగిలిన పీలికలు జిప్ చివర్లకి పనికొస్తాయి.

జిప్ రోల్ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. నైలాన్‌దే అడగండి. ఇనప పళ్ళ మీద పడితే సూది విరగక ఏం చేస్తుంది! ఇక ఫోమ్‌ని గుడ్డ కన్నా చుట్టూ అర అంగుళం తక్కువగా కత్తిరించండి. అప్పుడది అంచు కుట్టులోకి రాదు. లోపల జారకుండా పైగుడ్డకీ ఫోమ్‌కీ కలిపి, రెండేసి అంగుళాల ఎడంతో ఏటవాలు కుట్లు ముందే వేసేయండి. ఆ కుట్లకి గుడ్డ కాస్త లాక్కుంటుంది, అందుకని మొదట పెద్దగానే ఉంచి తర్వాత అంచులు సరిచేసుకోవాలి. 16 నంబరు సూది పెట్టండి. అయినా కదలకపోతే ఫోమ్ కింద బటర్ పేపర్ పెట్టి కుట్టి, ఆనక చింపేయండి.

14 అంగుళాలంటే స్క్రీన్ మూల నుంచి మూలకి. దాన్ని నమ్ముకుని కత్తెర పట్టకండి, టేపుతో కొలవండి. వెడల్పు పన్నెండున్నర, మందం ముప్పావు అనుకుందాం. రెండూ కలిపి, కుట్లకి ఒక అంగుళం, ఫోమ్ తినేసే చోటుకి ఇంకో ముప్పావు చేర్చండి. పదిహేను వస్తుంది. ఎత్తుకీ ఇదే లెక్క.

అన్నట్టు, గుడ్డని ఉతికి నీడలో ఆరేశాకే కత్తిరించండి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, నాకైతే ఆ నమ్మకం లేదు. నేను ఉతికేది గుడ్డ తర్వాత కుదించుకుపోకుండా. ఎరుపు ప్రింట్‌కి తెల్ల లైనింగ్ మాత్రం వేయకండి.