రిపోర్ట్ కొట్టి ఊరుకోవద్దు, గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి

ప్రశ్న: డిగ్రీ చదివే మా చెల్లె ముఖాన్ని అశ్లీల ఫొటోకు అతికించి, ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ ఖాతా నుంచి పెట్టిన్రు. ముగ్గురం రిపోర్ట్ కొట్టినా ‘నియమాలకు విరుద్ధంగా లేదు’ అనే వచ్చింది. ఇంకేం చేయాలె?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ ఖాతాను బ్లాక్ చేయకండి. చేస్తే పోస్టు మీకే కనిపించదు, ఆధారం చేజారుతుంది. పోస్టు మూలనున్న మూడు చుక్కలు నొక్కి లింకు కాపీ చేసుకోండి. ప్రొఫైల్ లింకు ఒక్కటే చాలదు. అవతలివాడు యూజర్‌నేమ్ మారిస్తే అది పనిచేయదు, పోస్టు లింకు మాత్రం మారదు. తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. బంధువులకు చూపించడానికి కూడా ఆ ఫొటోను ఫార్వర్డ్ చేయొద్దు.

యాప్‌లో రిపోర్ట్ కొడితే కంపెనీ తన సొంత నియమాలతోనే సరిచూస్తుంది. 2021 ఐటీ నిబంధనల కింద ఫిర్యాదు వేరు. అది భారత్‌లో కంపెనీ పెట్టిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదుల అధికారికి వెళ్లాలి. ఆ వివరాలు ప్రతి పెద్ద వేదిక తన సైటులో పెట్టి తీరాలి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ ఫొటోల తొలగింపునకు మొదట ఉన్న 24 గంటల గడువును 2026 ఫిబ్రవరి 20 నుంచి 2 గంటలకు కుదించారు. ‘నియమం 3(2)(బి) కింద ఫిర్యాదు’ అని మొదటి వాక్యంలోనే రాసి, లింకు, ‘ఇది మార్ఫింగ్ ఫొటో’ అన్న మాట జతచేయండి. చెల్లె పేరున మీరూ ఇవ్వవచ్చు. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు దాచుకోండి.

జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా జీఏసీకి, అంటే కేంద్రం వేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి, జీఏసీ.గవ్.ఇన్‌లో అప్పీలు చేయండి. అంతా ఆన్‌లైన్‌లోనే, హైదరాబాద్ పోనక్కర్లేదు.

పోస్టు పోయింది కదా అని పోలీసు ఫిర్యాదు మానొద్దు. తొలగించిన పోస్టు వివరాలను కంపెనీ దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలి. ఆలోగా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో గానీ ఠాణాలో గానీ ఫిర్యాదు ఇవ్వండి. పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఇచ్చే వీలుంది గానీ అప్పుడు కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోలేరు. పేరుతోనే ఇవ్వమంటాను. తప్పు చేసింది మీ చెల్లె కాదు.

ప్రశ్న: మా దుకాణం పేజీలో పోస్టును కారణం చెప్పకుండా తీసేసిన్రు. అడగొచ్చా?
– ఒక వ్యాపారి, జడ్చర్ల

జవాబు: అడగొచ్చు, దారి కూడా ఇదే. ముందు యాప్‌లో రివ్యూ కోరండి, తర్వాత గ్రీవెన్స్ ఆఫీసర్, ఆపైన జీఏసీ. పోస్టు అసలు ఫైలు, తొలగించినట్టు వచ్చిన నోటీసు స్క్రీన్‌షాట్ జతచేయండి.